ఫ్లై యాష్, స్టీల్ ఫైబర్ కలిపిన ఎం70 కాంక్రీట్: 7 రోజుల క్యూబ్ బలం తక్కువ వస్తోంది, మీ అనుభవం చెప్పండి

సైట్‌డైరీ: మాది ఎం70, అంటే 28 రోజులకు 70 ఎంపీఏ బలం రావాల్సిన కాంక్రీట్. సిమెంట్‌లో 25 శాతం తీసేసి ఫ్లై యాష్ (బొగ్గు కాలాక వచ్చే సన్నని బూడిద) వేస్తున్నాం. నీరు-బైండర్ (సిమెంట్, ఫ్లై యాష్ కలిపి) నిష్పత్తి 0.30. హుక్ ఉన్న స్టీల్ ఫైబర్ ఘనపరిమాణంలో 1 శాతం. ఫైబర్ పడేదాకా మిక్స్ చక్కగా జారుతోంది, పడ్డాక బిగుసుకుపోతోంది. 7 రోజులకు నొక్కి విరిచే పరీక్ష క్యూబ్ బలం చూస్తే టెన్షన్‌గా ఉంది. ఫ్లై యాష్ తగ్గించమంటున్నారు. తగ్గించాలా?

క్యూబ్‌టెస్ట్: తొందరపడకండి. సిమెంట్ గట్టిపడుతూ కాల్షియం హైడ్రాక్సైడ్ వదిలితేనే కదా, ఫ్లై యాష్ దానితో కలిసి బలం ఇచ్చేది. అందుకే మొదట్లో వెనకబడుతుంది. 56, 90 రోజులకు కూడా క్యూబులు పోసి ఉంచండి. షట్టరింగ్ త్వరగా విప్పాల్సిన పని అయితే మాత్రం మిక్స్ మార్చక తప్పదు.

మిక్సర్‌పక్కన: 1 శాతం అంటే క్యూబిక్ మీటరుకు దాదాపు 78 కిలోల ఉక్కు. అన్ని తీగలకూ పేస్ట్ అంటుకోవాలి, మిక్స్ బిగుసుకోక ఏం చేస్తుంది? దయచేసి నీళ్లు మాత్రం పోయనివ్వకండి, అక్కడే బలం పోతుంది. సూపర్‌ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండా మిక్స్ జారేలా చేసే మందు) కొద్దిగా పెంచండి, 20 మి.మీ. కంకర బదులు 10 లేదా 12 మి.మీ. వాడి ఇసుక వాటా పెంచి చూడండి. ఫైబర్ చివర్లో, మిక్సర్ తిరుగుతుండగా చల్లుతూ వేయాలి. బస్తా ఒక్కసారిగా కుమ్మరిస్తే పిచ్చుక గూడులా ఉండ కడుతుంది. ఆ ఉండ విప్పి చూశాను, లోపల తీగలు పొడిగా ఉన్నాయి, పేస్ట్ చేరనే లేదు. ఇంకో మాట, ఫైబర్ మిక్స్‌ని స్లంప్ (కోన్ అచ్చు తీశాక మిక్స్ ఎంత కుంగిందో చెప్పే) అంకెతోనే కొట్టిపారేయకండి. కుప్పగా నిలబడ్డ మిక్స్ కూడా వైబ్రేటర్ పెడితే కదులుతుంది.

సైట్‌డైరీ: ఫైబర్ పెంచితే క్యూబ్ బలం పెరుగుతుందా?

క్యూబ్‌టెస్ట్: పెద్దగా పెరగదు. ఫైబర్ ఇచ్చేది పగిలాక పట్టి ఉంచే గుణం. ఫైబర్ లేని హై స్ట్రెంత్ క్యూబ్ ఒక్కసారిగా పేలినట్టు విరుగుతుంది, ఫైబర్ ఉన్నది బీటలిచ్చినా ముక్కలు చెదరకుండా నిలుస్తుంది. దాని విలువ తెలియాలంటే బీమ్ వంపు పరీక్ష చేయించండి.

బూడిదలోడ్: ఫ్లై యాష్ రంగు లోడుకో రకంగా వస్తోందా? నల్లగా ఉంటే కాలని కార్బన్ ఎక్కువ ఉండొచ్చు, అది అడ్మిక్స్చర్‌ని (సూపర్‌ప్లాస్టిసైజర్ లాంటి మందుని) పీల్చేస్తుంది. లోడు మారినప్పుడల్లా చిన్న ట్రయల్ వేయండి.

సైట్‌డైరీ: అవును, నిన్నటి లోడు బాగా ముదురుగా ఉంది. దానితోనే ముందు ట్రయల్ వేయిస్తాను. క్యూరింగ్ సంగతేమిటి?

మిక్సర్‌పక్కన: పైకి నీరు తేలదు కాబట్టి గాలికి పైపొర త్వరగా ఆరి బీటలిస్తుంది. ఫినిషింగ్ అవగానే షీట్ కప్పండి. తడి కనీసం 10 రోజులు ఆపొద్దు, ఫ్లై యాష్ పని చేయడానికి ఆ తడే ఆధారం.