ఇంటర్ విద్యార్థి కౌన్సెలర్‌తో చెప్పుకున్న మాటలు తల్లిదండ్రులకు తెలియాలా?

ఖమ్మం తండ్రి:
మా అబ్బాయి ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. దసరా సెలవులకు వచ్చినప్పటి నుంచి నిద్ర సరిగా పోవడం లేదని, కంచం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేచిపోతున్నాడని గమనించి కౌన్సెలర్ దగ్గరకు తీసుకువెళ్లాము. కొంతసేపు మాతో కలిపి మాట్లాడి, తరువాత మమ్మల్ని బయట కూర్చోమన్నారు. ఏం చెప్పాడని అడిగితే, అతని అనుమతి లేకుండా చెప్పలేనన్నారు. పదిహేడేళ్ల పిల్లవాడి మంచిచెడ్డలకు బాధ్యత మాదే అయినప్పుడు, మాకే తెలియకుండా దాచే హక్కు మరొకరికి ఎలా వచ్చింది? మైనర్ విషయంలో ఈ దాపరికం తప్పని నా అభిప్రాయం.

విశాఖ కౌన్సెలర్:
మీ ఆందోళన సహజమే కానీ, మీ అభిప్రాయంతో ఏకీభవించలేను. మొదటి ఒకటి రెండు విడతల్లో చాలామంది పిల్లలు "బాగానే ఉందండీ" అన్న మాట దాటి రారు; తలుపు వైపు చూస్తూ, బయట కూర్చున్నవారికి వినిపిస్తుందేమోనని గొంతు తగ్గించి మాట్లాడతారు. "ఇది మా నాన్నగారికి చెబుతారా?" అని అడిగిన రోజునే అసలు పని మొదలవుతుంది. చెబుతాననే సమాధానం వస్తే, ఆ పిల్లవాడు మళ్లీ మార్కుల గురించి తప్ప మరేమీ మాట్లాడడు.

అయితే ఈ గోప్యతకు హద్దులున్నాయి, వాటిని మొదటి రోజే తల్లిదండ్రుల ఎదుట, పిల్లవాడి ఎదుట చెప్పి తీరాలి. ప్రాణానికి ముప్పు ఉందనిపించినా, ఇతరులకు హాని జరిగే అవకాశం ఉన్నా తల్లిదండ్రులకు చెబుతాము. పద్దెనిమిదేళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగినట్లు తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా గోప్యతను హక్కుగా గుర్తిస్తూనే, మైనర్ల తరఫున సంరక్షకులకు వారి బాధ్యత నెరవేర్చడానికి అవసరమైన సమాచారం ఇవ్వడానికి వీలు కల్పించింది. అవసరమైన సమాచారం వేరు, అక్కడ జరిగిన సంభాషణంతా వేరు.

మరొక మాట. మొదటి విడతలోనే పరిష్కారం వస్తుందని ఆశించవద్దు. అది ఎక్కువగా నిద్ర, తిండి, చదివే గంటలు, ఎప్పటి నుంచి ఇలా ఉందన్న వివరాలతోనే గడిచిపోతుంది. సాధారణంగా వారానికి ఒకసారి, ముప్పావు గంట నుంచి గంట వరకు కూర్చుంటాము. మేము మందులు రాయము. అవసరమనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరకు పంపుతాము.

జూనియర్ లెక్చరర్, గుంటూరు:
కౌన్సెలర్ గారు చెప్పినదంతా అర్హత ఉన్నవారికి వర్తిస్తుంది. కానీ కొద్ది రోజుల కోర్సు చేసి బోర్డు పెట్టినవారు మా ఊళ్లోనే ఉన్నారు. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవారికి భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషన్ ఉందో లేదో తల్లిదండ్రులు అడగాలి, అడిగితే నొచ్చుకునేవారి దగ్గరకు వెళ్లనవసరం లేదు.

నన్ను ఇంతకంటే ఎక్కువగా కలవరపెడుతున్నది కాలేజీ కౌన్సెలర్ల సంగతి. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇస్తూ, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. మంచిదే. అయితే ఆ కౌన్సెలర్‌కు జీతమిచ్చేది యాజమాన్యమే కనుక, పిల్లవాడు చెప్పిన మాట ప్రిన్సిపాల్ గదికి చేరదన్న భరోసా ఎవరిస్తారు? ఇంట్లో తెలియడం కంటే అక్కడ తెలియడమే పిల్లలకు ఎక్కువ భయం.

డిగ్రీ విద్యార్థిని, వరంగల్:
ఇంటర్‌లో నేను కూడా కౌన్సెలింగ్‌కు వెళ్లాను. ఎంపీసీ వదిలేయాలనుకుంటున్నానని అమ్మకు చెప్పే ధైర్యం లేక ఆ మాట ముందుగా కౌన్సెలర్‌కే చెప్పాను. ఆమె మా అమ్మతో మాట్లాడలేదు. ఏ మాటతో మొదలుపెట్టాలో, అమ్మ ఏడిస్తే ఏం చేయాలో నాతో ముందుగా చెప్పించి చూశారు. ఆ తరువాత ఇంట్లో నేనే చెప్పాను. ఆమె ముందే ఫోన్ చేసి ఉంటే అమ్మకు విషయం తెలిసేదేమో గానీ, నేను మళ్లీ ఆ గదిలో అడుగుపెట్టేదాన్ని కాదు.

ఖమ్మం తండ్రి:
హద్దుల సంగతి మాకు మొదటి రోజు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. కానీ గంజాయి వంటి అలవాటు ఉంటే? అది కూడా దాస్తారా? ఇక్కడ మాత్రం నా మాట మీదే ఉన్నాను.

విశాఖ కౌన్సెలర్:
దానిపై మా వృత్తిలోనే భేదాభిప్రాయాలున్నాయి. ఒకసారి స్నేహితులతో కలిసి తాగినదానికి, రోజూ తాగుతూ చదువు, ఆరోగ్యం పాడు చేసుకుంటున్నదానికి తేడా చూస్తాను. రెండో సందర్భంలో పిల్లవాడితో చెప్పే, వీలైతే అతని చేతనే, తల్లిదండ్రులకు తెలియజేయిస్తాను. వచ్చే విడతలో మీరు ముగ్గురూ కలిసి కూర్చునే సమయం అడగండి. అబ్బాయి ప్రాణానికి భయం లేదు కదా, ఏ మార్పు కోసం పని చేస్తున్నారు, ఇంట్లో మేము ఏం చేయాలి, ఏం మానాలి అన్న ప్రశ్నలకు సమాధానం పొందే హక్కు మీకు పూర్తిగా ఉంది. ఈలోగా రాత్రిపూట భయమనిపించే పరిస్థితి వస్తే విడత కోసం ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.