రెండు నాణేలు ఎగరేస్తే మూడు ఫలితాలా, నాలుగా?

ఏడో తరగతి తల్లి:
మా అమ్మాయి పరీక్షలో ప్రశ్న ఇది: రెండు నాణేలు ఒకేసారి ఎగరేస్తే ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడే సంభావ్యత ఎంత? రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, చెరొకటి. మూడే ఫలితాలు కాబట్టి 1/3 అని రాసింది. సున్నా వేశారు. జవాబు 1/2 అట. నాణేలు రెండూ ఒకేలా ఉన్నప్పుడు పిల్ల చేసిన తప్పేమిటి?

సుద్దముక్క:
మూడు రకాలని చెప్పడం తప్పు కాదండీ, ఆ మూడూ సమసంభవాలు, అంటే మూడింటికీ సమాన అవకాశం ఉందనుకోవడమే తప్పు. ఒక నాణేనికి ఎరుపు, మరోదానికి నీలం రంగు పూయండి. ఎరుపు బొమ్మ, నీలం బొరుసు ఒకటి. ఎరుపు బొరుసు, నీలం బొమ్మ ఇంకొకటి. రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు మరో రెండు. ఇలా పట్టిక గీస్తే నాలుగింట రెండు, అంటే 1/2.

ఏడో తరగతి తల్లి:
రంగు పూయకపోతే?

సుద్దముక్క:
పూయకపోతే నాణేలు పడే తీరు మారుతుందా? రంగు మన కంటి కోసమే.

పుస్తకాల పురుగు:
మీ అమ్మాయికి గొప్ప తోడే ఉంది. రెండుసార్లు ఎగరేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత 2/3 అని 1754లో ఫ్రెంచి గణితవేత్త డాలెంబర్ అంతటివాడు వాదించాడు, అదీ తాను సంపాదకుడిగా ఉన్న ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో. మొదటిసారే బొమ్మ పడితే ఆట ముగిసినట్టే కాబట్టి దారులు మూడేనన్నాడు: బొమ్మ; బొరుసు, బొమ్మ; బొరుసు, బొరుసు. అసలు జవాబు 3/4. మొదటి దారి ఒక్కటే సగం బరువు మోస్తుందని గమనించలేదు.

మొండివాది:
అందుకే పట్టిక తర్వాత, ముందు ఎగరేయించాలి అంటాను. సున్నా వేస్తే పిల్లకు ఏం తెలిసింది?

సుద్దముక్క:
ఎగరేయిస్తే తప్పుదారి పట్టే ప్రమాదమూ ఉంది. 10 సార్లలో సరిగ్గా 5 బొమ్మలు పడే సంభావ్యత 252/1024, నాలుగో వంతు కూడా లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న గణితవేత్త జాన్ కెరిచ్ 10,000 సార్లు ఎగరేసి 5,067 బొమ్మలు లెక్కపెట్టాడు. మన పీరియడు అంతసేపు ఉండదు కదా!

మొండివాది:
తరగతిని 30 జట్లు చేయండి. జట్టుకు రెండేసి నాణేలు, 20 సార్లు. మొత్తం 600. చెరొకటి పడేది 1/3 అయితే 200 దగ్గర, 1/2 అయితే 300 దగ్గర తేలాలి. నూరు తేడాను అదృష్టం మీదికి నెట్టలేరు.

సుద్దముక్క:
ఇది ఒప్పుకుంటాను. కానీ 300 ఎందుకు వచ్చిందో చెప్పేది మాత్రం పట్టికే.

ఏడో తరగతి తల్లి:
రంగుల మాట చెప్పాను. మూడు నాణేలకు తనే పట్టిక గీసింది, ఎనిమిది వరసలు వచ్చాయి. సున్నా మీద నా కోపం మాత్రం తగ్గలేదు.