ది క్రిమేటర్ సినిమా నిజంగా తగలబెట్టేశారా?

నైట్‌షిఫ్ట్_నాని:
అన్నలూ, యురాయ్ హెర్ట్స్ అనే చెక్ డైరెక్టర్ 1969లో తీసిన ది క్రిమేటర్ కోసం మూడ్రోజుల్నుంచి వెతుకుతున్నా. కమ్యూనిస్టు గవర్నమెంటు బ్యాన్ చేసిన హారర్ అంట. ఒకడేమో ప్రింట్లన్నీ కాల్చేశారంటాడు, ఇంకొకడు బ్లూరే ఉందంటాడు, ఏది నమ్మాలి? అసలు నాజీల మీద తీసిన సినిమా అయితే కమ్యూనిస్టులకేంటి నొప్పి?

పాతరీలు:
సినిమా భేషుగ్గా ఉంది బ్రో, బ్లూరే నా దగ్గరే ఉంది. 1973లో మూలన పడేశారు, 1989లో ఆ ప్రభుత్వం కూలాకే బయటికొచ్చింది. పోయింది విడిగా తీసిన ఇంకో ముగింపు సీనొక్కటే. 1968 ఆగస్టులో షూటింగ్ నడుస్తుండగానే సోవియట్ ట్యాంకులు చెకోస్లోవేకియా రాజధాని ప్రాగ్‌లోకి దిగాయి, దాంతో హెర్ట్స్ ఇంకో ముగింపు తీశానని తనే చెప్పాడు. దహనవాటికలో పనిచేసే ఇద్దరు కేఫ్‌లో కూర్చుని అక్కడే శవాలు కాల్చే మన హీరో కోప్ఫర్కింగల్ ఎంత మంచోడో, పాపం ఏమైపోయాడో అనుకుంటుంటారు, తర్వాత ఏడుస్తున్న ప్రాగ్ జనం, తూటాలు తిన్న మ్యూజియం దగ్గర ఈయన నవ్వు మొహం. స్టూడియో పెద్దాయన దాన్ని పీకేయించాడు. కాల్చేశారన్న పుకారు ఈ ముక్క గురించే అయ్యుంటది.

చిత్తూరు_చిన్నోడు:
నొప్పి ఎందుకంటే ఆ క్యారెక్టర్ అలాంటిది (స్పాయిలర్ ఉంది, చూడనోళ్ళు దాటెయ్యండి). మందు తాగడు, సిగరెట్ కాల్చడు, మెత్తగా మాట్లాడతాడు, శవం తల దువ్విన దువ్వెనతోనే తన తలా దువ్వుకుంటాడు. గాలి నాజీల వైపు తిరగ్గానే పెళ్ళాంలో సగం యూదు రక్తం ఉందని తనే చంపేస్తాడు. అలా ఎవడు గద్దెనెక్కితే వాడికి తలూపే మనిషిని ట్యాంకులొచ్చిన మరుసటి ఏడాదే తెరమీద చూపిస్తే ఎవరికి కాలదు చెప్పు? హెర్ట్స్ చిన్నప్పుడు నాజీ క్యాంపుల్లో ఉండి బతికొచ్చినోడు, ఊరికే తియ్యలేదు.

గోదారోడు:
మనోళ్ళు మాత్రం తక్కువ తిన్నారా అండీ, ఎమర్జెన్సీలో కిస్సా కుర్సీ కా సినిమాని నెగెటివ్‌తో సహా కాల్చేశారు. అది హారర్ కాదు లెండి, సెటైరు. దాని డైరెక్టర్ అమృత్ నహతా మళ్ళీ మొత్తం తీసి 1978లో రిలీజ్ చేసుకున్నాడు.

పాతరీలు:
ఆయనకి ఆ ఛాన్స్ దొరికిందండీ. 1968 ప్రాగ్‌ని మళ్ళీ ఎవరు తీస్తారు?

నైట్‌షిఫ్ట్_నాని:
థ్యాంక్స్ అన్నలూ, దొరికింది, మొదలెట్టా. ఆ దువ్వెన దగ్గర ఆపేశా, అన్నం తింటూ చూసే సినిమా కాదిది. మిగతాది రేపు.