పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నీడ ఏ వేళ స్పష్టంగా కనిపిస్తుంది?

నల్లగొండ పక్కన పానగల్లులో ఉన్న ఛాయా సోమేశ్వరాలయానికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద పడే స్తంభం నీడ సరిగా కనిపించలేదు. ఆగస్టులో మధ్యాహ్నం మూడింటికి వెళితే మబ్బు పట్టి ఉంది. డిసెంబరులో ఎండ ఉన్న రోజే చూసుకుని వెళ్లాను, కానీ చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది. లింగం వెనుక గోడ మీద బూడిదరంగు మరక లాంటిది లీలగా కనిపించి, చూస్తుండగానే కరిగిపోయింది. గుమ్మానికి అడ్డు లేకుండా పక్కకు జరిగాను, ఫోను ఫ్లాష్ ఆపి ఫొటో తీశాను. ఫలితం లేదు.

మూడు గర్భాలయాల ఆ గుడిలో చెక్కిన స్తంభాలను ఎంతసేపు చూసినా తనివి తీరదు. అయినా మా నాన్నగారికి ఆ నీడ చూపించాలనే నా ఆశ. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు, మళ్లీ మళ్లీ తిప్పలేను.

స్వయంగా చూసినవారు చెప్పండి: ఎండ ఉన్న రోజున ఏ గంటకు వెళితే ఆ నీడ గాఢంగా కనిపిస్తుంది?