డిలీట్ చేసిన ఫైలు రీస్టార్ట్ అవగానే మళ్లీ వస్తోంది: బ్యాక్‌డోరేనా? ఫార్మాట్ కొట్టక తప్పదా?

గాజువాక కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఇంట్లో విండోస్ 11 ల్యాప్‌టాప్ ఉంది. తమ్ముడు వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ) వేశాడు. డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) ఆపమని అడిగితే ఆపేసి, అడ్మిన్ పర్మిషన్‌కి కూడా ఎస్ కొట్టాడట. అప్పట్నుంచి లాగిన్ అవగానే ఒక నల్ల విండో మెరిసి మాయమవుతోంది. యాప్‌డేటా లోపల రోమింగ్ ఫోల్డర్‌లో ఎస్‌వీసీహోస్ట్ పేరుతో ఒక ఫైలు ఉంది. డిలీట్ చేస్తే రీస్టార్ట్ తర్వాత మళ్లీ అక్కడే ఉంటోంది. నాన్నగారి నెట్ బ్యాంకింగ్ కూడా ఇందులోనే. షాపులో ఫార్మాట్ కొట్టేద్దాం అంటున్నారు. అది లేకుండా దారి ఉందా?

మద్దిలపాలెం మాస్టారు:
బాబూ, ముందు వైఫై ఆపెయ్. మిగతాదంతా తర్వాత.

ఎస్‌వీసీహోస్ట్ అనేది విండోస్ సొంత ఫైలు పేరు. అసలైనది ఉండేది సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32 ఫోల్డర్‌లో. రోమింగ్‌లో ఆ పేరుతో ఏదైనా కనబడిందంటే అది దొంగదే. నువ్వు తీసేస్తున్నది ఆ ఫైలును మాత్రమే. దాన్ని మళ్లీ తెచ్చి పెట్టేది వేరే చోట కూర్చుని ఉంది. అది దొరికేదాకా ఎన్నిసార్లు డిలీట్ కొట్టినా ఇంతే.

రూటర్‌లో పోర్టులు (బయటి కనెక్షన్లు లోపలికి వచ్చే ద్వారాలు) తెరిచి లేవు కదా, బయటివాడు ఎలా వస్తాడని చాలామంది అనుకుంటారు. ఈ రోజుల్లో బ్యాక్‌డోర్, అంటే బయటివాడు నీ కంప్యూటర్‌లోకి దొంగచాటుగా వచ్చే దారి, బయటి నుంచి పిలుపు కోసం కాచుకుని కూర్చోదు. నీ కంప్యూటరే వాడి సర్వర్‌కి కనెక్ట్ అవుతుంది, అదీ ఎక్కువగా 443 పోర్టు మీద. రూటర్‌కి అది మామూలు వెబ్‌సైట్ చూస్తున్నట్టే ఉంటుంది. అందుకే ఆపమంటున్నాను.

వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఆటోరన్స్ (కంప్యూటర్‌తో పాటు వాటంతటవే మొదలయ్యేవన్నీ చూపించే టూల్) దించి పెన్‌డ్రైవ్‌లో తీసుకురా. ఆ పెన్‌డ్రైవ్‌ను తర్వాత శుభ్రంగా ఉన్న ఏ సిస్టమ్‌కీ పెట్టకు. ఆటోరన్స్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, స్కాన్ ఆప్షన్స్‌లో కోడ్ సిగ్నేచర్ (ఫైలు ఏ కంపెనీదో చెప్పే డిజిటల్ సంతకం) తనిఖీ పెట్టు. లాగాన్, షెడ్యూల్డ్ టాస్క్స్, సర్వీసెస్, డబ్ల్యూఎంఐ, ఈ నాలుగు ట్యాబులూ వరుసగా చూడు. పవర్‌షెల్, డబ్ల్యూస్క్రిప్ట్, రన్‌డీఎల్ఎల్32 కనిపిస్తే మైక్రోసాఫ్ట్ ఫైలే కదా అని వదిలేయకు. దానికి ఇచ్చిన ఆదేశం మొత్తం చదువు. అనుమానం ఉన్నదాన్ని వెంటనే డిలీట్ చేయకు, టిక్ మాత్రం తీసెయ్. పొరపాటున మంచిదాన్ని తీసినా మళ్లీ పెట్టుకోవచ్చు.

సింహాచలం సంపెంగ:
మాస్టారు చెప్పినదానికి తోడు, విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ (డిఫెండర్ స్కాన్ చేయకుండా వదిలేసేవాటి జాబితా) తెరిచి చూడండి. ఇలాంటివి చాలావరకు దిగగానే చేసే పని తమ ఫోల్డర్‌ను అక్కడ రాసుకోవడం. ఇక డిఫెండర్ దాని జోలికే పోదు. అందులో ఉన్నవి తీసేసి, తర్వాత మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. విండోస్ లోడ్ కాకముందే నడుస్తుంది కాబట్టి మాల్వేర్ అడ్డుపడలేదు. సుమారు 15 నిమిషాలు పడుతుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకోండి, అడగొచ్చు.

పాస్‌వర్డ్‌లు ఈ ల్యాప్‌టాప్‌లో మార్చొద్దు, కీలాగర్ (టైప్ చేసేదంతా రాసుకునే దొంగ ప్రోగ్రాం) ఉంటే కొత్తవి కూడా వాడికి చేరతాయి. ఫోన్‌లో, మొబైల్ డేటా మీద మార్చండి. మార్చినంత మాత్రాన సరిపోదు. బ్రౌజర్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుపెట్టుకునేవి) ఎత్తుకుపోతే పాస్‌వర్డ్, ఓటీపీ లేకుండానే మీ ఖాతాలోకి వస్తారు. గూగుల్ ఖాతాలో ఆ ల్యాప్‌టాప్‌ను సైన్ అవుట్ చేయండి. జీమెయిల్‌లో ఫార్వార్డింగ్, ఫిల్టర్లు చూడండి. వాట్సాప్ లింక్డ్ డివైసెస్ కూడా. బ్యాంకుకి ఈ రోజే ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

గాజువాక కుర్రాడు:
బ్యాంకు పని అయింది. ఎక్స్‌క్లూజన్స్‌లో సీ డ్రైవ్ మొత్తం ఉంది! షెడ్యూల్డ్ టాస్క్స్‌లో అప్‌డేటర్ లాంటి పేరుతో ఒకటి, ప్రతి 5 నిమిషాలకీ పవర్‌షెల్ నడిపిస్తోంది. పక్కన అర్థంకాని అక్షరాలు బారెడు. టిక్ తీసి ఫైలు డిలీట్ చేశాక మళ్లీ రాలేదు. ఇక వదిలేయొచ్చా?

లాసన్స్‌బే:
వదలొద్దు తమ్ముడూ. దొరికింది ఒక్కటే, ఉన్నది ఒక్కటేనని ఎవరూ హామీ ఇవ్వలేరు. అడ్మిన్ హక్కు దొరికినవాడు కొత్త యూజర్ ఖాతా తెరిచి ఉండొచ్చు, రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్ నడిపే సదుపాయం) ఆన్ చేసి ఉండొచ్చు. బ్యాంకు పనులు చేసే సిస్టమ్ కాబట్టి విండోస్ కొత్తగా వేసుకోవడమే నా మాట.

వేరే కంప్యూటర్‌లో ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ (విండోస్ తెరవకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే వేరే సిస్టమ్) చేసి, దాంతో బూట్ అయి ఫోటోలు, పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకో. ఈఎక్స్ఈ, బ్యాట్, వీబీఎస్, ఎస్‌సీఆర్ లాంటి తెరవగానే ప్రోగ్రాంలా నడిచే ఫైళ్లు, షార్ట్‌కట్‌లు ఒక్కటీ వద్దు. ఫోటో పేరు చివర జేపీజీ తర్వాత ఈఎక్స్ఈ ఉంటే అది ఫోటో కాదు.

తర్వాత 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో, శుభ్రమైన కంప్యూటర్ మీద, మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో ఇన్‌స్టాలర్ చేయండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ డిస్క్‌లోని పార్టిషన్లన్నీ డిలీట్ కొట్టాలి. డీ డ్రైవ్ కూడా పోతుంది, అందుకే కాపీ ముందు.

ద్వారకానగర్‌లో ఏ షాపుకి ఇచ్చినా ఒక్కటి ముందే తేల్చుకో: వాళ్ల పెన్‌డ్రైవ్‌లోని విండోస్, యాక్టివేటర్ (లైసెన్స్ లేకుండా విండోస్‌ను యాక్టివేట్ చేసే దొంగ టూల్) వద్దని చెప్పు. ఒక క్రాక్ తీయించి ఇంకో క్రాక్ వేయించుకున్నట్టవుతుంది. విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్ అయితే లైసెన్స్ మదర్‌బోర్డుకే ముడిపడి ఉంటుంది, అదే ఎడిషన్ వేసి నెట్ పెట్టగానే యాక్టివేట్ అవుతుంది.

మద్దిలపాలెం మాస్టారు:
లాసన్స్‌బేగారి మాటే నాదీ. ఒక్కటి కలుపుతాను. కొత్త విండోస్‌లో క్రోమ్ సింక్ వెంటనే ఆన్ చేయకు, పాత ఎక్స్‌టెన్షన్లన్నీ (క్రోమ్‌కి తగిలించిన అదనపు ప్రోగ్రాములు), దొంగవి ఉంటే అవి కూడా, వెనక్కి వచ్చేస్తాయి. ఆన్ చేసేటప్పుడు ఎక్స్‌టెన్షన్స్ టిక్ తీసేసి, కావలసినవి ఒక్కొక్కటిగా చేత్తో వేసుకో. తమ్ముడికి అడ్మిన్ కాని ఖాతా వేరేగా చేసి ఇవ్వు.