పల్లెకి ఫైబర్: స్తంభం మీదా, భూమిలోనా?

పద్మనాభం కుర్రోడు:
తిట్టేవాళ్ళు తిట్టండి, అడుగుతాను. వర్క్ ఫ్రం హోం కదాని ఊరొచ్చేశాను. పోయిన నెల గడ్డిలోడు ట్రాక్టరొకటి మా వీధి ఫైబర్ తీగని లాక్కుపోయింది. తొమ్మిది రోజులు నెట్ లేదు. మీటింగుల కోసం రోజూ బైకేసుకుని విజయనగరం రోడ్డు మీదకెళ్ళి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకున్నాను. 2014లో హుద్‌హుద్ కొట్టాక వైజాగ్‌లో కరెంటు తీగలనే భూమిలోకి దించారు. మాకీ సన్నతీగ ఒక్కటీ దించలేరా?

తీగల మావయ్య:
దించొచ్చు బాబూ, తవ్వకం ఖర్చెవరు పెట్టుకుంటారు? 2017లో ఏపీ ఫైబర్‌నెట్ నెలకి 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను మొదలెట్టిందంటే, కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగబట్టే. పైన తెగితే కంటికి కనిపిస్తాది. కింద జేసీబీ తగిలిందనుకో, తీగ ఎంత దూరంలో తెగిందో చెప్పే ఓటీడీఆర్ మిషనుతో దూరం కొలిచి, మళ్ళీ తవ్వాలి. మంచినీళ్ళ పైపులోళ్ళు తవ్వని రోడ్డు చూపించు!

బీచ్‌రోడ్ బాచి:
ఈ తీగల గోలేంటి గురూ? టవర్లు పెంచితే సరి. ఉపగ్రహాల నుంచి నెట్ ఇచ్చే స్టార్‌లింక్‌కి కూడా 2025లో లైసెన్సొచ్చింది.

మన్యం టీచరమ్మ:
బాచిగారూ, ఓసారి అనంతగిరి వైపు రండి. నేను పనిచేసిన ఊళ్ళో టవరుంది, దానికి ఫైబర్ లేదు. కొండ మీంచి కొండ మీదకి తీగ లేకుండా గాల్లో పంపే మైక్రోవేవ్ లింకు. సాయంత్రం నలుగురు ఫోన్లు పట్టుకుంటే వాట్సాప్ ఫొటో గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. వైజాగ్‌లో గూగుల్ డేటా సెంటరన్నారు, సముద్రం అడుగునుంచి కేబుల్ తెస్తామన్నారు. సముద్రం దాటొచ్చేది ఘాట్‌రోడ్డు ఎక్కలేదా?

బీచ్‌రోడ్ బాచి:
సరే, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు 🙏

పద్మనాభం కుర్రోడు:
పంచాయతీలకి ఫైబర్ లాగే కేంద్రం పథకం, భారత్‌నెట్, 2011లోనే మొదలైంది కదా. ఒకే దారిలో లాగితే మధ్యలో తెగినచోటు నుంచి అవతలి పంచాయతీలన్నీ పోతాయి. అందుకే 2023లో రింగు పద్ధతికి మారారు, అంటే తీగ చుట్టూ తిరిగొస్తుంది, ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి నెట్ వస్తుంది; పదేళ్ళ నిర్వహణ కూడా అందులోనే కలిపారు. ఇక మావయ్యకేం బాధ?

తీగల మావయ్య:
రింగు పంచాయతీ దాకానే. అక్కణ్ణుంచి మీ ఇంటికి? నాలాంటి కేబుల్ ఆపరేటరే. నాకు జీతం లేదు, కనెక్షన్ డబ్బుల్లో వాటా. నలభై కనెక్షన్లకి, తెగిన ఫైబర్‌ని అతికే స్ప్లైసింగ్ మిషను కొంటే ఇల్లు తాకట్టే, అద్దెకి తెచ్చుకుంటాం. అది వేరే మండలంలో ఉంటే నీకు తొమ్మిది రోజులు. మీరేమో పైనా కిందా అని కొట్టుకుంటున్నారు. అతికేవాడి సంగతేటి?

మన్యం టీచరమ్మ:
మండలానికో మిషను పంచాయతీలే కలిసి కొనుక్కోవచ్చుగా. ట్రాక్టర్లు అద్దెకిచ్చే సంఘాలున్నట్టే.

తీగల మావయ్య:
కొనొచ్చమ్మా. అది పట్టుకుని తిరిగే కుర్రోడికి పెట్రోలు కూడా ఇవ్వాలి మరి.

పద్మనాభం కుర్రోడు:
మావయ్యా, ఈ మాట టైప్ చేస్తుంటేనే మళ్ళీ పోయింది. మొబైల్ డేటాలో ఉన్నా. బాక్సు మీద ఎర్ర లైటు మినుకుమినుకుమంటోంది.

తీగల మావయ్య:
వెనకాల పచ్చ పిన్ను ఊడదీసి, మెత్తటి పొడిబట్టతో తుడిచి, టక్‌మనేలా పెట్టు. అప్పటికీ ఎర్రగానే ఉంటే వీధి చివర స్తంభం చూసిరా. గడ్డి కోతల రోజులు కదా.