వేమన పద్యాలకు సన్నగీత నిలిచే ఫాంటు ఏది?

కడప డీటీపీ
అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావల్ల. ఎడమ పేజీలో వేమన పద్యం, కుడి పేజీలో ఇంగ్లీషు తాత్పర్యం వచ్చేట్టు ఒక పుస్తకం చేస్తాండాం. డెమ్మీ సైజు, కాగితం 70 జీఎస్ఎం మందం మ్యాప్‌లిథో (మామూలు పుస్తకాల కాగితం). ఇన్నాళ్లూ అన్నీ 'అను' అనే పాత తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్‌లోనే చేసినాం. ఇది మాత్రం ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా చెల్లే యూనికోడ్‌లోనే ఉండల్లని మా పుస్తకం ఎడిటర్ గారి పట్టు, తర్వాత ఈబుక్ కూడా తెస్తారంట. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషుతో కలిపి అచ్చేయించినాడు కదా, మళ్లీ ఆ పాత అచ్చు కళ రావల్లని మా ఆశ. లావు గీత, సన్న గీత తేడా తెలిసే అక్షరం కావల్ల. అంతా ఒకే మందంగా ఉండే ఫోన్ అక్షరాలు పద్యానికి నప్పవు. టైరో తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు చూసినా. వాడినోళ్లు చెప్పండి.

అనంతపురం ఎడిటర్
టైరో తెలుగుతో మేం పుస్తకాలు వేశాం, నాకు చాలా ఇష్టమైన అక్షరం. ఫియోనా రాస్, జాన్ హడ్సన్ రూపకల్పన. దాని మూలం హార్వర్డ్ వాళ్ల మూర్తి క్లాసికల్ లైబ్రరీ అనే పుస్తకాల వరుస కోసం చేసిన అక్షరాల్లో ఉంది. 2015లో వాళ్లు వేసిన మనుచరిత్ర కూడా మీ పుస్తకం మాదిరే, ఒక పక్క తెలుగు మూలం, ఎదురుగా ఇంగ్లీషు. కాబట్టి మీ పనికి ఇంతకన్నా దగ్గరిది దొరకదు. ఇంగ్లీషు అక్షరాలు అదే ఫాంటులో ఉన్నాయి, రెండు పేజీల నలుపూ సమంగా కనిపిస్తుంది. ఉచితం, అమ్మే పుస్తకాలకూ వాడుకోవచ్చు.

బోల్డ్ మాత్రం లేదు. గీత మందం పెంచి దొంగ బోల్డ్ చేయొద్దు, ఘ, ఝ లోపలి ఖాళీలు పూడిపోతాయి. శీర్షికలకు సైజు పెంచితే చాలు. బోల్డ్ తప్పనిసరైతే నోటో సెరిఫ్‌లో సన్నం నుంచి బాగా లావు వరకు అన్ని మందాలూ ఉన్నాయి.

ప్రొద్దుటూరు ఆఫ్‌సెట్
అక్క చెప్పింది నిజమే. అయితే ఫాంటు ఖాయం చేసేముందు ప్రెస్సులో అచ్చు రేకు, అదే ప్లేటు, ఎట్ల తీస్తారో కనుక్కో తమ్ముడూ. కంప్యూటర్ నుంచి నేరుగా తీసే సీటీపీ ప్లేటయితే సన్నగీత నిలుస్తుంది. లేజర్ ప్రింటర్‌లో బటర్ పేపర్ (వెలుతురు పారే పలచని కాగితం) మీద తీసి, దాని మీంచి ప్లేటు కొట్టేదయితే మొదట పోయేది ఆ గీతే.

స్క్రీను మీద చూసి మురిసిపోవద్దు. వేమనలో దాదాపు ప్రతి పద్యం చివరా 'విశ్వదాభిరామ' వస్తుంది. అందులో భి కింద చిన్న వత్తు గీత ఉంటుంది, అది పడకపోతే 'విశ్వదాబిరామ' అయి కూర్చుంటుంది. చదివేవాళ్లు ప్రెస్సును అనరు, ప్రూఫ్ చూసినోళ్లను తిడతారు. ధ, ఫ, ఛ కూడా ఇంతే. దీనికి ఎదురు జబ్బు ఇంకోటి ఉంది. ఇంకు ఎక్కువైతే సందులు పూడి ప కాస్తా వ అవుతుంది, 'పదము' 'వదము' అవుతుంది. గీత నిలవల్ల, సందు పూడకూడదు. ఈ రెండూ కుదిరే చోటు ఒక్కో కాగితానికి ఒక్కో తీరు.

ఇంగ్లీషు అక్షరాలదీ ఇదే కథ. బాస్కర్‌విల్ అనే ఆయన 1757లో బర్మింగ్‌హామ్‌లో లాటిన్ కవి వర్జిల్ కావ్యాలు అచ్చేసినప్పుడు సన్నగీతలు నిలవడానికి కాగితాన్ని వేడి పలకల మధ్య నొక్కి నున్నగా చేయించినాడు, ఇంకు కూడా సొంతంగా చిక్కగా చేసుకున్నాడు. అక్షరం, కాగితం, ఇంకు మూడూ కలిపి ఆలోచించినాడు. మన మ్యాప్‌లిథో అంత నునుపుండదు, ఇంకు పీలుస్తుంది. అందుకే పద్యం 12 పాయింట్లకు తగ్గించొద్దు, 13 పెట్టు.

కర్నూలు పాత కంపోజిటర్
సీసం అక్షరాల కాలంలోనూ ఇంతే నాయనా. అక్షరం అరిగేకొద్దీ లావుగీత మిగిలేది, సన్నగీత పోయేది. నేను చెప్పేది లీడింగ్, అంటే వరుసకూ వరుసకూ మధ్య దూరం సంగతి. తెలుగుకు వత్తులు కిందికి దిగుతాయి, 'రాష్ట్రము' లాంటి మాట కింద వరుసలో గుడికి తగులుతుంది. 13 పాయింట్లకు 20 ఇయ్యి. ఎదురు పేజీలో ఇంగ్లీషుకు అంత అక్కర్లేదు, అయినా వరుసకు వరుస సరితూగాలంటే అక్కడా 20 పెట్టు.

కడప డీటీపీ
మంచిది పెద్దాయనా, అట్లనే చేస్తా. మా పుస్తకం ఎడిటర్ గారు ఇంగ్లీషుకు ఈబీ గారమండ్ ఫాంటు అడుగుతాండారు. 13లోనే పెట్టినా తెలుగు పక్కన చిన్నగా కనిపిస్తాంది.

అనంతపురం ఎడిటర్
అది 16వ శతాబ్దపు ఫ్రెంచి అక్షరాల పోలికతో చేసింది. చిన్నబడి అక్షరాల (a, e లాంటివి) ఎత్తు తక్కువ, తెలుగు అక్షరమేమో గుండ్రంగా నిండుగా ఉంటుంది. ఒక పాయింటు పెంచి చూడండి. నన్నడిగితే టైరోలోని ఇంగ్లీషే పెట్టండి. టైమ్స్ న్యూ రోమన్ వైపు మాత్రం పోవద్దు. అది 1932లో లండన్ టైమ్స్ పత్రిక ఇరుకు కాలమ్స్ కోసం పుట్టింది, తాత్పర్యం పొడుగు వరుసల్లో బిగుసుకున్నట్టుంటుంది.

పులివెందుల టీచరు
అను నుంచి యూనికోడ్‌లోకి మార్చినాక అరసున్న, బండి ఱ ఒక్కొక్కటీ కంటితో చూసుకోండి సార్, పాత పాఠాల్లో అవే తప్పిపోతాయి. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ యూనికోడ్ తెలుగును కూర్చలేదు. ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోతుంటే పేరాగ్రాఫ్ సెట్టింగులో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి, కుదురుకుంటాయి.

ప్రొద్దుటూరు ఆఫ్‌సెట్
తమ్ముడూ, ఒక ఫారం (ఒకే షీటు మీద అచ్చయ్యే పేజీల కట్ట) టైరోలో, ఒకటి నోటోలో, అదే కాగితం మీద అదే ప్రెస్సులో నమూనా తీయించు. కళ్లజోడు పెట్టుకునే పెద్దోళ్లకిచ్చి రాత్రి ట్యూబ్‌లైటు కింద పైకి చదివించు. యాడ తడబడతారో ఆ అక్షరం కింద పెన్సిల్‌తో గీత పెట్టుకో.